పొద్దెటున్నాది అని అడిగిన అవ్వ

మనిషికి స్పృహ పోగొట్టడం, మళ్లీ తెప్పించడం నా ఉద్యోగం. ఆపరేషన్ బల్ల మీద పడుకున్నవాళ్లకు మత్తు ఇస్తాను. పని అయ్యాక పేరు పెట్టి పిలిచి లేపుతాను. ముప్పయ్యేళ్లకు దగ్గరగా ఫిజీలో ఇదే చేస్తున్నాను.

మత్తు వదిలే వేళ మనుషులకు ఏమేమి కనిపిస్తాయో నాకు తెలుసు. పోయిన తల్లితో మాట్లాడతారు. దుప్పటి మీద చీమలు పాకుతున్నాయని దులుపుకుంటారు. ఒక పెద్దాయన నన్ను తన చెరకు లారీ డ్రైవర్ అనుకుని, బ్రేకు వెయ్యమని కేకలు పెట్టాడు. ఇవన్నీ చూసి చూసి, ఎవరు దయ్యం మాట ఎత్తినా వాళ్లు ఏ మందు వేసుకున్నారో కనుక్కోవడం నాకు అలవాటైపోయింది. ఇప్పటికీ అంతే. ఇది దయ్యాలను నమ్మే మనిషి రాసింది కాదని తెలిసి చదవండి.

ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది నేను వాయినికోరోలో పుట్టాను. మాది చెరకు పండించే కుటుంబం. ఇంట్లో, బళ్లో, బస్సులో అంతా ఫిజీ హిందీయే. తెలుగు పెద్దవాళ్ల భజనల్లో, తిట్లలో మాత్రం మిగిలింది. నేను తెలుగు చదవడం, రాయడం నేర్చుకున్నది నలభై దాటాక, మా తెలుగువాళ్ల సంఘం పెట్టిన ఆదివారం క్లాసుల్లో. ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయగలుగుతున్నందుకు నాకు గర్వంగా ఉంది. దాచుకోను.

రాజధాని సువాలో డాక్టరు చదువు చదివాను. సైనిక తిరుగుబాట్ల తర్వాత నాతో చదివినవాళ్లు ఒక్కొక్కరుగా సిడ్నీకో ఆక్లాండ్‌కో వెళ్లిపోయారు. నేను ఉత్తరపు దీవిలో ఉన్న లబాసాకి వచ్చేశాను. పుట్టిన ఊరికి బస్సులో పోయి రాగలిగేంత దగ్గర. చక్కెర మిల్లు నడిచే నెలల్లో ఆసుపత్రి కిటికీలోంచి బెల్లం పాకం వాసన వస్తుంది. నాకు అదే చాలనిపించింది.

అక్కడ పనిచేస్తుండగా ఒక సంగతి నన్ను వదలకుండా పట్టుకుంది. ముసలివాళ్లకు ఆపరేషన్ చక్కగా జరుగుతుంది. కుట్లు మానతాయి. ఇంటికి పంపిస్తాం. కొన్నాళ్లకు కొడుకో కోడలో నన్ను వెతుక్కుంటూ వచ్చి, "డాక్టర్, ఊ పహిలే వాలా ఆద్మీ నై హై" అంటారు. ముందున్న మనిషి కాదు అని. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతున్నాడనో, తన పొలం గట్టు మీదే దారి తప్పిందనో చెబుతారు. కొందరు ఏదో గాలి సోకిందని మంత్రం వేయిస్తారు.

ఆపరేషన్ తర్వాత మెదడుకు ఏమవుతుంది, ఎవరికి తొందరగా సర్దుకుంటుంది, ఎవరికి సర్దుకోదు అని ప్రపంచంలో చాలామంది పరిశోధిస్తున్నారు. మా ద్వీపాల్లో మా ముసలివాళ్లను కూర్చోబెట్టి అడిగినవాళ్లెవరూ నాకు కనబడలేదు. నేను అడుగుదామనుకున్నాను.

నాకు తోడు సిస్టర్ మెరె. ఫిజీ మూలవాసి. లబాసాలో పుట్టి పెరిగింది కాబట్టి ఆమె ఫిజీ హిందీ నా హిందీ కంటే ధాటిగా ఉంటుంది. జ్ఞాపకశక్తిని కొలవడానికి బయటి దేశాల నుంచి తెప్పించిన ప్రశ్నలు మేమిద్దరం ముందేసుకుని చూశాం. మావాళ్లు ఎన్నడూ ఎరగని పూల పేర్లు, మంచు మీద జారే బండి బొమ్మ.

మెరె ఆ బొమ్మ పట్టుకుని పడీపడీ నవ్వింది. "డాక్టర్, ఇది గుర్తుపట్టకపోతే మెదడు పాడైనట్టా, మంచు చూడనట్టా?" అంది.

అవన్నీ పక్కన పెట్టేశాం. వాటి బదులు చెరకు కత్తి, దాలో దుంప, పడవ తెడ్డు, రొట్టెల కర్ర పెట్టాం. ఫిజీ హిందీలో ఒకటి, మూలవాసుల భాషలో ఒకటి, ఇంకా తెలుగు మిగిలి ఉన్న పెద్దవాళ్ల కోసం తెలుగులో ఒకటి తయారుచేశాం. రోగులపై పరిశోధనలకు అనుమతి ఇచ్చే నైతిక కమిటీ ఒప్పుకుంది. మొదటి రోగి సరేనన్న రోజు మేమిద్దరం రోటీ పార్సెళ్లు కొనుక్కుని, మిల్లు వైపు గోడ మీద కూర్చుని తిన్నాం. మా మనుషులకు మా మాటల్లో, మా చేతులతో తయారైన పరీక్ష. ఆ రోటీ రుచి ఇంకా గుర్తుంది.

పద్ధతి చెబుతాను. ఆపరేషన్‌కి ముందు వివరంగా పరీక్ష చేస్తాం. తర్వాత రోజూ ఉదయం కొన్ని చిన్న ప్రశ్నలు. నీ పేరేమిటి, ఇది ఏ చోటు, ఈరోజు ఏ వారం, ఇలాంటివి. మూడు నెలలకు మళ్లీ మొదటి పరీక్షే. ఒక్కటే గట్టి నియమం. ఆ ప్రశ్నలు మేము తప్ప ఇంకెవరూ అడగకూడదు. ఇంకొకరు ముందే అడిగి సాధన చేయిస్తే, మేము కొలిచేది మెదడును కాదు, ఆ సాధనను.

మొదటి వింత లచ్చమ్మగారి దగ్గర జరిగింది. వితంతువు, చెరకు రైతు భార్య. వంటింట్లో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్‌కి ముందు మా ప్రశ్నలన్నిటికీ టకటకా చెప్పి, "ఇంక లేవా?" అని అడిగింది. ఆపరేషన్ అయ్యాక మనిషి మనిషిలో లేదు. సొంత కూతురిని మేమ్‌సాబ్ అని పిలిచింది. చెరకు నరకడానికి ఆలస్యమైపోతోందని మంచం దిగబోయింది. కూతురు వరండాలోకి వెళ్లి ఏడ్చేది.

ఒక ఉదయం వార్డులో టీ ఇచ్చిన తర్వాత వెళ్లాను. ఆమె దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. కళ్లు తేటగా ఉన్నాయి. ఆమెకు ఇష్టమని తెలుగులోనే అడగడం మొదలుపెట్టాను.

"అవ్వా, నీ పేరేమిటి?"

"అభీ తో పూఛ్ కే గయిస్ న. మళ్లీ కాహే అడుగుతవు?" అని విసుక్కుంది. ఇప్పుడే కదా అడిగి పోయింది, మళ్లీ ఎందుకు అని.

"ఎవరు అడిగారు?"

"ఆ అవ్వ. నీ పేరేటి, నీ ఊరేటి, పొద్దెటున్నాది అని అడిగినాది. నేను అంతా బోలినా." అంతా చెప్పాను అని.

కూతురు వచ్చి ఉంటుందనుకున్నాను. కూతురు ఇంకా రాలేదు. బయటివాళ్లను మధ్యాహ్నం గాని లోపలికి రానివ్వరు. వార్డులో నర్సులను అడిగితే ఎవరూ రాలేదన్నారు. గేటు దగ్గర మనిషీ అదే మాట చెప్పాడు. పక్క మంచాల్లో తెలుగువాళ్లు లేరు.

నిజం చెప్పాలంటే నాకు భయం వేయలేదు, కోపం వచ్చింది. ఎవరో ముసలామె, బహుశా ఎవరి తాలూకు బంధువో, మంచి చేస్తున్నాననుకుని వార్డులో దూరి మా రోగులను ప్రశ్నలు అడుగుతోంది. మా పరిశోధన పాడవుతోంది. లచ్చమ్మగారు రోజురోజుకూ తేరుకుంటున్నందుకు సంతోషించాల్సింది పోయి, ఆమె జవాబులు లెక్కలోకి తీసుకోవచ్చా లేదా అని తల పట్టుకున్నాను. ఆమె తన కాళ్ల మీద నడిచి ఇంటికి వెళ్లింది. కూతురిని పేరు పెట్టి తిడుతూ వెళ్లింది. కూతురు ఆ తిట్లు వింటూ మురిసిపోయింది.

తర్వాత ఇంకో ఇద్దరు రోగులు కూడా ఎవరో ముసలామె పొద్దున్నే వచ్చి పలకరించిందన్నారు. వాళ్లకు ఆమె మాటలు అర్థం కాలేదట. కల అని సరిపెట్టుకున్నాను. మెరెతో మాత్రం ఎవరో వార్డులోకి వస్తున్నారు, కనిపెట్టి ఉండు అని చెప్పాను. లచ్చమ్మగారు చెప్పిన ఆ తెలుగు ప్రశ్నలు ఏమిటన్నది మెరెకు చెప్పలేదు. చెప్పే అవసరం రాలేదు. ఇది ఎందుకు రాస్తున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

లచ్చమ్మగారు వెళ్లిపోయిన చాలా రోజులకు సెమి తాత వచ్చాడు. మా దీవికి తూర్పు చివర సముద్రం ఒడ్డు పల్లె ఆయనది. పడవలు కట్టేవాడు. చర్చిలో పాటల బృందాన్ని నడిపేవాడు. ఆ ఊళ్లో భారతీయులెవరూ లేరు. హిందీ కూడా ఆయనకు బజారు బేరం వరకే వచ్చు. పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ చేశారు. నేనే మత్తు ఇచ్చాను. ఏ తేడా లేకుండా అయిపోయింది.

కాని మర్నాటికి ఆయన చెదిరిపోయాడు. కూతురు అనా ఎవరో తెలియలేదు. ఆయన నేర్పిన పాటే ఆమె పక్కన కూర్చుని పాడితే ముఖం తిప్పుకున్నాడు. గొట్టాలు పీక్కోబోయాడు. అనా బెదిరిపోయింది. ఊరి పెద్దలు వచ్చి ఆయన్ని ఇంటికి తీసుకుపోతామన్నారు. పోయేవాడు ఇంటి దగ్గరే పోవాలని వాళ్ల మాట.

"ఆయన పోవడం లేదు" అన్నాను. "దారి తప్పాడు. కొంచెం ఓపిక పట్టండి."

మెరె ఆ మాటను వాళ్ల భాషలో ఇంకా మెత్తగా చెప్పినట్టుంది. వాళ్లు ఒప్పుకున్నారు. కడుపు మీద పచ్చి గాయంతో ఆయన్ని పడవలో ఎక్కించుకుని పోతే ఏమవుతుందో నాకు తెలుసు. ఓపిక పట్టమన్నది నేను. రేపు ఏమీ మారకపోతే ఏం చెప్పాలో తెలియదు.

మర్నాడు ఉదయం ముసురు పట్టింది. లబాసా వాన మొదలైతే ఆకాశమంతా ఒకటే బూడిద రంగు. నేనూ మెరె వార్డులోకి వెళ్లేసరికి సెమి తాత ఒత్తిగిల్లి, మంచం పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు చూస్తున్నాడు. మాట్లాడుతున్నాడు. గొణుగుడు కాదు. ఎవరో అడిగినట్టు ఆగుతున్నాడు, వింటున్నాడు, జవాబు చెబుతున్నాడు.

మెరె నా చెయ్యి పట్టుకుని ఆపింది. చెవిలో ఒక్కొక్కటీ చెప్పింది. "తన పేరు చెప్పాడు... ఊరి పేరు చెప్పాడు." రెండూ సరిగ్గా చెప్పాడు. ముందు రోజు ఆయనకు రెండూ తెలియవు.

తర్వాత ఆయన కొంచెం సేపు తికమకపడ్డట్టు చూశాడు. ఎదుటివాళ్ల మాట అర్థం కానప్పుడు మనం ఆ మాటే తిరిగి అని చూస్తామే, అలా నెమ్మదిగా, ముక్కలు ముక్కలుగా అన్నాడు.

"పొద్... దెటు... న్నాది?"

యాస విరిగింది గాని మాట విరగలేదు. ఆయన చెయ్యి ఎత్తి, మబ్బు కప్పేసిన కిటికీ వైపు, కొంచెం పైకి చూపించాడు.

మెరె నా వైపు తిరిగింది. "అది మా మాట కాదు డాక్టర్. హిందీ కూడా కాదు. ఏమన్నాడు?"

"సూర్యుడు ఎటువైపు ఉన్నాడు అన్నాడు" అన్నాను.

సెమి తాత అప్పుడు మమ్మల్ని చూశాడు. నన్ను గుర్తుపట్టాడు. తల ఊపి, మెరెతో ఏదో అన్నాడు. మెరె చెప్పడానికి వెనకాడింది. నేను గట్టిగా అడిగితే చెప్పింది.

"ఇప్పుడు ఆమె నిన్ను అడుగుతోందట. జవాబు చెప్పమంటున్నాడు."

పట్టపగలు. వార్డు నిండా మనుషులు. ఒక మూల టీ కప్పులు కడుగుతున్న చప్పుడు. నా మెడలో స్టెతస్కోపు. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీ, దాని మీద ఏమీ లేదు. రోగి భ్రమలో ఉన్నప్పుడు ఆ భ్రమకు వంత పాడకూడదని నేనే కొత్త డాక్టర్లకు పాఠం చెబుతాను.

అయినా చెప్పాను. తెలుగులోనే చెప్పాను. "నా పేరు సరోజ. మా ఊరు వాయినికోరో."

తర్వాత కిటికీ చూశాను. ఎక్కడా వెలుగు తేడా లేదు. సూర్యుడు ఎటున్నాడో నాకు నిజంగా తెలియలేదు. ఆ కిటికీ ఏ దిక్కో, ఇప్పుడు వేళ ఎంతో ఆలోచించి, చివరికి చెయ్యి చాపాను. సెమి తాత చూపించిన వైపే చూపించాను.

సెమి తాత కుర్చీ వైపు చూసి, తలుపు దాకా ఎవరినో కళ్లతో సాగనంపి, "వినాకా" అన్నాడు. వాళ్ల భాషలో కృతజ్ఞత చెప్పే మాట. తర్వాత మెరెని టీ అడిగాడు. అనా ఏదీ అని అడిగాడు. పేరు పెట్టి అడిగాడు.

ఆయన టీ తాగుతుండగా, మెరె చేత ఆ వచ్చిన మనిషి ఎలా ఉందో అడిగించాను. పొట్టి మనిషి, బాగా ముసలిది, భారతీయురాలు అన్నాడు. ఇంకేమైనా ఉందా అంటే కప్పు కింద పెట్టి తన కుడి చెయ్యి పైకెత్తాడు. నాలుగు వేళ్లు చాచి, చిటికెన వేలు మాత్రం అరచేతిలోకి మడిచి చూపించాడు.

ఆ మధ్యాహ్నం నేను అమ్మకు ఫోన్ చేశాను. అమ్మ పెద్ద దీవిలో, నమాకా అనే చోట మా తమ్ముడి దగ్గర ఉంటుంది. విమానాశ్రయం పక్కనే కావడంతో ఆమెతో ఏ మాటైనా విమానం వెళ్లేదాకా ఆగి మొదలుపెట్టాలి. వార్డులో జరిగింది ఏమీ చెప్పలేదు. వేలు సంగతీ చెప్పలేదు.

"అమ్మా, 'పొద్దెటున్నాది' అని ఎప్పుడైనా విన్నావా?" అని మాత్రం అడిగాను.

అమ్మ టీవీ కట్టేసిన చప్పుడు వినిపించింది.

"కౌన్ బోలిస్ తుమ్‌కే?" అంది అమ్మ. నీకెవరు చెప్పారు అని. గొంతు మారింది. "మా అవ్వ మాట అది. నేను ఎప్పుడూ నీకు బోలలేదే!"

అమ్మకు అవ్వ అంటే నాకు ముత్తవ్వ. పేరు నరసమ్మ. గిర్మిట్ మీద, అంటే కూలీ ఒప్పందం మీద, ఓడెక్కి వచ్చిన మనిషి. నేను పుట్టడానికి చాలా ముందే పోయింది. ఆమె గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. ఎందుకో ఆ రోజే తెలిసింది.

అమ్మ చెప్పింది ఇదీ. వాయినికోరో చెరకు తోటల్లో కూలీలు ఉండే గదుల వరసల్లో, జ్వరాలు తగిలినవాళ్లు, చేతులో కాళ్లో కోయించుకుని వచ్చినవాళ్లు ఉండేవాళ్లు. క్లోరోఫాం వాసన ఇంకా ఒంటి మీద ఉండేదట. కొందరికి మతి తిరిగి వచ్చేది కాదు. పిచ్చి అని తేల్చితే వాళ్లను పడవెక్కించి ఎక్కడికో పంపేవాళ్లట. పోయినవాళ్లు మళ్లీ కనబడేవాళ్లు కాదట. అందుకని నరసమ్మ పొలానికి పోయే ముందు, తెల్లవారగానే అలాంటివాళ్ల పక్కన కూర్చునేది. నీ పేరేటి, నీ ఊరేటి, పొద్దెటున్నాది. చెప్పేదాకా వదిలేది కాదు. ఈరోజు చెప్పకపోతే రేపు వచ్చేది. తెలుగువాళ్లని, హిందీవాళ్లని చూసేది కాదు. ఆమెకు ఒక్క తెలుగే వచ్చు, అదే అడిగేది.

"అర్థం కాకపోతే వాళ్లెలా చెప్పేవాళ్లు?" అన్నాను.

"పొద్దు చూపిస్తే చాలు కదా బేటీ. దానికి మాట ఎందుకు?"

జనం ఆమెను పిచ్చోళ్ల అవ్వ అనేవాళ్లట. ఆ పేరు ఇంటికి అంటుకుంది. పెళ్లయి వచ్చాక, ఈ వంశంలో పిచ్చి ఉందని అత్తవారు అనుకుంటారేమోనని అమ్మ ఆమె ఊసే ఎత్తలేదు. మాకు, పిల్లలకు, ఒక్క ముక్క చెప్పలేదు. ఫోటో ఒక్కటీ లేదు.

నేను చివరికి అడిగాను. "అమ్మా, ఆమె చేతులు గుర్తున్నాయా?"

"గుర్తు లేకేం. కుడి చెయ్యి చిన్న వేలు ఇట్ల లోపలికి ముడుచుకుని ఉండేది. చెరకు కత్తి తగిలినాది. నాకు తల దువ్వితే ఆ వేలు గుచ్చుకునేది." అని, "నువ్వు కాహే పూఛే హై?" అంది, ఎందుకు అడుగుతున్నావని.

అప్పుడు చెప్పాను. అమ్మ ఏడ్చిందో నవ్విందో నాకు తెలియలేదు. ఒక విమానం దిగుతోంది. చప్పుడు తగ్గాక, "మంచిగా పని చేసింది న?" అని అడిగింది. అదొక్కటే అడిగింది.

"చాలా మంచిగా చేసిందమ్మా" అన్నాను.

ఆ తర్వాత నేనూ మెరె చాలాసేపు కూర్చుని ఆలోచించాం. పరిశోధన కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. కమిటీకి, "కొందరు రోగులను గుర్తు తెలియని వ్యక్తి ఉదయం పూట ప్రశ్నించినట్టు తెలిసింది. వారి జవాబులను పక్కన పెడుతున్నాము" అని తెలియజేశాం. అందులో అబద్ధం లేదు. మొదటి పరిశోధన అలా కొంచెం చిన్నదైంది.

కాని దాని నుంచే రెండోది పుట్టింది. ఇంటివాళ్లే రోజూ ఉదయం పక్కన కూర్చుని, సొంత భాషలో పేరు, ఊరు అడిగి, సూర్యుడిని చూపించమంటే రోగి తొందరగా తేరుకుంటాడా? అందులో మొదట చేరినది సెమి తాత కూతురు అనా. తండ్రి ఇంటికి వెళ్లిపోయాక కూడా పడవెక్కి వచ్చి, భయపడుతున్న కొత్త కుటుంబాలకు ఎలా అడగాలో నేర్పేది. గట్టిగా అరవకండి, నవ్వకండి, తప్పు చెప్పినా తిట్టకండి, రేపు మళ్లీ అడగండి అని చెప్పేది. మా వార్డులో తెల్లవారితే మూడు నాలుగు భాషల్లో ఒకటే ప్రశ్న వినబడేది. దారి తప్పిన మనుషుల చేతులు కిటికీల వైపు లేచేవి. నేను చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. నా ఉద్యోగంలో అంతకు మించిన ఉదయాలు నాకు లేవు.

చిన్న ఆసుపత్రి, కొద్దిమంది రోగులు. మేము చూసినంతలో మేలు కనిపించింది, అంతకంటే పెద్ద మాట చెప్పను. కాని ఆ పద్ధతి ఇతర ద్వీపాలవాళ్లు అడిగి తీసుకెళ్లారు. సువాలో ఒక సభలో నేనూ మెరె దాని గురించి మాట్లాడాం. అమ్మ ముందు వరుసలో పట్టుచీర కట్టుకుని కూర్చుంది. ఇంగ్లీషు ఆమెకు అంతగా రాదు. చివర్లో బయటి దేశం నుంచి వచ్చిన ఒక డాక్టరు, సూర్యుడి ప్రశ్న ఎక్కడి నుంచి తెచ్చారని అడిగాడు. అది చాలా తెలివైన ప్రశ్న అన్నాడు. చదువు రానివాళ్లకు, ఏ భాషవాళ్లకైనా పనికొస్తుందన్నాడు.

"మా ముత్తవ్వది" అన్నాను మైకులో. ఆ ఒక్క జవాబు మాత్రం హిందీలో మళ్లీ చెప్పాను. అమ్మ పక్కనున్న ముక్కూ మొహం తెలియని మనిషి భుజం తట్టి, "హమార్ ఆజీ" అనడం వేదిక మీద నుంచి చూశాను. మా అవ్వ అని. అన్నాళ్లు దాచిన మనిషిని ఆ రోజు కనబడ్డవాళ్లందరికీ చెప్పుకుంది.

ఇక వివరణ సంగతి. నేను వెతకలేదనుకోకండి. సెమి తాత ఆ మాట లచ్చమ్మగారి దగ్గర విన్నాడా? ఆమె ఆడవాళ్ల వార్డులో ఉండి, ఆయన రాకముందే ఇంటికి వెళ్లిపోయింది. మెరె నోటి నుంచి విన్నాడా? మెరెకు ఆ మాట తెలియదు. నేను చిన్నప్పుడు ఎక్కడో విని, మరిచిపోయి, వార్డులో తెలియకుండా అన్నానా? అమ్మ ఇంట్లో ఎన్నడూ అనలేదంటోంది. అయినా ఆ అవకాశం ఉందనే పెట్టుకుంటాను. మాట వరకు ఏదో ఒకటి అనుకోవచ్చు. వేలికి మాత్రం నా దగ్గర ఏమీ లేదు.

మూడు నెలలకు సెమి తాత పరీక్షకు వచ్చాడు. మాకోసం, నీళ్లలో కలుపుకుని తాగే యంగోనా మొక్క వేర్ల కట్ట తెచ్చి, సంప్రదాయంగా ముందు పెట్టాడు. ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పాడు. పాటల బృందాన్ని మళ్లీ నడుపుతున్నానన్నాడు. ఆ ముసలామె గురించి అడిగితే, ఏ ముసలామె అన్నాడు. ఏమీ గుర్తులేదు. 'పొద్దెటున్నాది' అనమంటే నాలుక తిరగక నవ్వేశాడు.

మెరెకు ఏ ఇబ్బందీ లేదు. వాళ్ల ఊళ్లో పెద్దవాళ్లు పోయినా పనిలోనే ఉంటారట. నేను అలా అనలేను. నేను చదివిన చదువు ఒప్పుకోదు.

రెండో పరిశోధన అచ్చుకు వెళ్లినప్పుడు, కృతజ్ఞతలు చెప్పే చోట మెరె పేరు, అనా పేరు రాసి, వాటి కింద నరసమ్మ అని రాశాను. పత్రికవాళ్లు జాగ్రత్తగల మనుషులు. తిరిగి రెండు ప్రశ్నలు పంపారు. ఈమె ఏ సంస్థకు చెందినవారు? ఈ పనిలో ఈమె పాత్ర ఏమిటి?

మొదటిదానికి, వాయినికోరో చెరకు తోటలు అని రాశాను.

రెండోదానికి, రోగులను ప్రశ్నించారు అని రాశాను. అది నేను చూసినంతలో నిజం. ఎప్పుడు, ఎలా అని వాళ్లు అడగలేదు. అడిగి ఉంటే, ఇంతకాలం మత్తు ఇచ్చి మనుషులను లేపిన నా దగ్గర దానికి ఈరోజుకీ జవాబు లేదు.